గొళ్ళెం మరిచిన తాళం

"మీరేం చేస్తుంటారండీ?" అని ప్రిన్సిపాల్ గారు మా నాన్నను మర్యాదగానే అడిగారు.

"తాళాలు తీస్తానండి" అన్నాడు మా నాన్న.

బల్లకు అవతల నలుగురు కూర్చున్నారు. పరీక్షల విభాగం సారు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తి చూశారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. సైబర్ సెక్యూరిటీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు కాలేజీ వెబ్‌సైట్లోకి చొరబడి మార్కులు మార్చుకుందేమోనని తండ్రిని పిలిపిస్తే, ఆ తండ్రి వచ్చి తన వృత్తి ఇదని చెబితే ఎవరైనా ఏమనుకుంటారు? ఇంకొకరయితే 'చిన్న షాపుంది సార్' అని ఊరుకునేవారు. 'తాళాలు బాగుచేస్తాను' అన్నా సరిపోయేది. మా నాన్న అలా అనడు. బాగుచేసేది చెడిపోయినవాటిని, తాను తీసేది శుభ్రంగా పనిచేస్తున్న తాళాలను అని ఆయన వాదన. పైగా పనిముట్ల సంచీ కూడా వెంట తెచ్చుకున్నాడు. కుర్చీ పక్కన పెట్టిన ఆ సంచీ, ఆయన కాలు కదిపినప్పుడల్లా గలగలమంటోంది.

ఆ రోజు తేలాల్సింది ఒక్కటే. నేను ఆ కాలేజీలో ఉంటానా, పోలీసు కేసు నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతానా అన్నది.

మాది వినుకొండ. మా తాత దూది ఏకేవాడు. విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు, దిండ్లు కుట్టి వచ్చేవాడట. ఫోము పరుపులు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది, మా నాన్న తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టుకున్నాడు. "ఏకు మేకవడం అంటే మన వంశమేనమ్మా" అని నవ్వేవాడు. బస్టాండు పక్కన పెద్ద గొడుగు, దాని కింద చెక్కపెట్టె, పెట్టె పైన తీగకు వేలాడే తాళంచెవులు. అదే మా షాపు. బడి అయిపోగానే నేను వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చునేదాన్ని. పదేళ్ళు వచ్చేసరికి చిన్నచిన్న తాళాలు కళ్ళు మూసుకుని తీసేదాన్ని. ఆ సంగతి ఊళ్ళో నలుగురికీ చెప్పుకునేదాన్ని కూడా. గొప్పలు చెప్పుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు పిలిస్తే నాన్న వాళ్ళింటికి వెళ్ళేవాడు. వెళ్ళగానే పని మొదలుపెట్టేవాడు కాదు. ముందు పక్కింటివాళ్ళను ఒకరిని పిలిపించేవాడు. తర్వాత ఇంటావిడతోనో ఇంటాయనతోనో, "ముందు మీ చెయ్యి తాళం మీద పెట్టండమ్మా" అనేవాడు. వాళ్ళు తాళం మీద చెయ్యి వేసి, "మా ఇల్లే, తియ్యి" అనాలి. అప్పుడే సంచీ విప్పేవాడు. తాళం ఊడగానే తలుపు తొయ్యకుండా వీధి వైపు తిరిగి కూర్చుని పనిముట్లు సర్దుకునేవాడు. ఎండలో చెమటలు కక్కుతూ చేసినా సరే, లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగమంటే వెళ్ళేవాడు కాదు. చెంబు బయటికే తెప్పించుకునేవాడు. "గడప దాకే మన పని" అనేవాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ ఇంటికి నన్నూ తీసుకెళ్ళాడు. తాళం ఊడింది. నాన్న రోడ్డు వైపు తిరిగాడు. నేను సందు చూసుకుని లోపలికి దూరాను. ఇల్లంతా చూసి బయటికి వచ్చేసరికి నాన్న నిలబడి ఉన్నాడు.

"ఎన్ని గదులు తిరిగావు?" అన్నాడు.

"మూడు."

"ఏం చూశావో అన్నీ ఆమెకి చెప్పు. ఒక్కటి కూడా వదలమాక."

గడప బయట నిలబడి చెప్పాను. చిలక లేని పంజరం, మంచం కింద ట్రంకుపెట్టె, వంటింట్లో మూత లేని పచ్చడి జాడీ. ఆవిడ ముసిముసిగా నవ్వుతూ వింది. మంచం మీద పక్కపక్కనే రెండు దిండ్లు ఉన్నాయని చెప్పినప్పుడు మాత్రం నవ్వడం ఆపేసింది. ఎందుకో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. నాన్నకు అర్థమైంది. దారంతా నా చెయ్యి పట్టుకోకుండా ముందు నడిచాడు.

ఇంత నేర్చుకున్నదాన్ని కదా, కాలేజీలో చేరినప్పుడు నాకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదనుకున్నాను. మా కాలేజీ గుంటూరు దాటాక హైవే పక్కన పొలాల మధ్య ఉంటుంది. మాకు సెక్యూరిటీ ల్యాబు చెప్పే మేడం రోజూ మంగళగిరి నుంచి బస్సులో వచ్చేవారు. మొదటి క్లాసులో ఆవిడ చెప్పిన మొదటి మాట ఇది: "తలుపు గట్టిదో కాదో పరీక్ష చెయ్యడం మన పని. ఇంటివాళ్ళ అనుమతి కాగితం చేతిలో లేకుండా చేస్తే అది పరీక్ష కాదు, దొంగతనం." అందరూ నోట్సులో రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఎనిమిదో ఏట చదివిన పాఠం మళ్ళీ చదవాలా అని నవ్వుకున్నాను.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది చీమకుర్తి. మా బ్రాంచే. హాస్టల్ పక్కనుంచి పెద్ద లారీ ఏదైనా పోతే చాలు, చదువుతున్నది ఆపి చెవి రిక్కించేది. "మా నాన్న లారీ తోల్తాడే. గ్రానైట్ బండలెత్తుకుని మా నాన్న బండి రోడ్డెక్కిందంటే ఎంత కారైనా పక్కకి జరగాల్సిందే" అనేది. ఆయన హారన్ ఎలా కొడతాడో నోటితో మోగించి చూపించేది. నేను మా నాన్న చెయ్యి తాళం మీద పెట్టించే సంగతి చెప్పాను. అది ఆమెకు తెగ నచ్చింది. ఇంటినుంచి తెచ్చుకున్న జంతికల డబ్బా మూత బిగుసుకుపోతే, డబ్బా మీద అరచెయ్యి ఆనించి, "తాళం మీద చెయ్యి పెట్టాను, ఇక తియ్యవే" అనేది. మేమిద్దరం అలా ఏడాదిన్నర బతికాం.

రెండో ఏడాది మొదటి సెమిస్టర్ పరీక్షలు అయ్యాయి. ఫలితాలు ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని కాలేజీ వెబ్‌సైట్లోకి వెళ్ళాను. మార్కులు అందులో ఎక్కించారు కానీ ప్రకటించలేదని పాత పేజీ అడ్రసు కొడితే తెలిసింది. నా మార్కులు కనపడ్డాయి. అడ్రసు చివర నా హాల్‌టికెట్ నంబరు ఉంది. చివరి అంకె మార్చి ఎంటర్ నొక్కాను.

పక్క నంబరు అబ్బాయి మార్కులు వచ్చాయి. 

తాళం వేశాను, గొళ్ళెం మరిచాను అన్న సామెత మనకు ఊరికే రాలేదు. ఆ వెబ్‌సైటు పనీ అంతే. గుమ్మం దగ్గర పాస్‌వర్డ్ అడిగే తాళం బ్రహ్మాండంగా వేలాడుతోంది. ఆ తాళం గొళ్ళేనికి తగిలించి ఉందా లేదా అని మాత్రం కట్టినవాళ్ళు చూసుకోలేదు. ఒకసారి లోపలికి వచ్చిన మనిషి ఎవరి గదికైనా పోవచ్చు.

మేడం గది ల్యాబుకు ఎదురుగానే ఉంది. అప్పుడే లేచి వెళ్ళి చెప్పి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను లేవలేదు. ఇంకో అంకె మార్చాను. ఇంకొకటి. క్లాసులో నేను కాక అరవై ముగ్గురు. అరవై ముగ్గురివీ చూశాను. మార్కులు, ఏ కోటాలో సీటు వచ్చింది, తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు. భయపడుతూ చూశానని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. సంతోషంగా చూశాను. ఎనిమిదేళ్ళప్పుడు ఆ ముసలావిడ ఇంట్లో తిరిగినప్పుడు కలిగిన సంతోషమే అది.

నా రూమ్మేట్ పేజీ కూడా చూశాను. రెండు సబ్జెక్టులు పోయాయి. అదే పేజీలో ఇంకో మాట కూడా ఉంది. అది చదివి కాసేపు చేతులు కీబోర్డు మీద నుంచి తీసేశాను. తర్వాత మళ్ళీ పెట్టాను.

మర్నాడు మేడం దగ్గరికి వెళ్ళి, అంకె మారిస్తే ఇంకొకరి మార్కులు వస్తున్నాయని చెప్పాను. "ఎన్ని చూశావు?" అన్నారు ఆవిడ. "ఒక్కటే మేడం, చూసి ఆపేశాను" అన్నాను. నోరు దానంతట అదే అనేసింది. ఆవిడ ఆ గంటలోనే ఫోన్లు చేసి పేజీ మూయించారు. ఆ వారం క్లాసులో నన్ను లేపి నిలబెట్టి, "చూడండి, ఒకటి చూసి ఆగి, వచ్చి చెప్పింది. మీరు నేర్చుకోవాల్సింది ఈ ఆగడమే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నా రూమ్మేట్. నేను తల వంచుకుంటే సిగ్గనుకున్నారు.

ఇంకో వారానికి కొంప మునిగింది. రూమ్మేట్ వాళ్ళ మావయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కి నాలుగు రోజులు ఊరు వెళ్తానంటూ బ్యాగు సర్దుకుంటోంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నాలుగు రోజులెందుకే, ఆ రెండూ మళ్ళీ రాయాలిగా, చదువుకోవా?" అనేశాను.

"ఏ రెండు?" అంది.

నేను ఏదో మాట మార్చాను. ఆమె బ్యాగు జిప్పు వేసుకుని బస్సుకు వెళ్ళింది. మూడో రోజు ఫలితాలు వచ్చాయి. ఆమెకు రెండు పోయాయి. నాకు ఆ సెమిస్టర్లో క్లాసు ఫస్టు. ఆమె ఊరినుంచి నేరుగా ఆఫీసుకు వెళ్ళి, "నా మార్కులు నాకంటే ముందు ఈమెకు ఎలా తెలుసు?" అని కాగితం రాసిచ్చింది. సాయంత్రానికి తన సామాను వేరే గదికి మార్చుకుంది. నేను తలుపు దగ్గర నిలబడితే నన్ను తప్పించుకుని పోయింది కానీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత వ్యవహారం చెయ్యి దాటింది. చూడగలిగిన మనిషి మార్చుకోలేదని నమ్మకమేంటని పరీక్షల సారు అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. నన్ను పిలిచినప్పుడు, "నేను చూసిన ఆ ఒక్కటీ మా రూమ్మేట్‌దే సార్" అన్నాను. మొదటి అబద్ధాన్ని కాపాడటానికి రెండోది. మా నాన్న వంశం గురించి అనే సామెత ఇప్పుడు నా నోటికి వచ్చింది. ఏకు లాంటి మాట మేకై నన్నే పొడుస్తోంది. తండ్రిని తీసుకురమ్మన్నారు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేలుస్తామన్నారు.

నాన్న పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి పదిన్నరకు గేటు దగ్గర దిగాడు. దార్లో నరసరావుపేటలో ఎవరిదో బీరువా తీయాల్సి ఉందని సంచీ తెచ్చుకున్నాడట. మిర్చి కోతల కాలం అది. కాలేజీ చుట్టూ కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి తిరిగితే ఘాటు కొడుతోంది. గేటు నుంచి ఆఫీసు దాకా నడుస్తూ నాన్న ఒక్కటే అడిగాడు.

"ఎన్ని చూశావమ్మా?"

"ఒక్కటే నాన్నా."

"సరే" అన్నాడు. అంతే. మళ్ళీ అడగలేదు. ఒకటికి రెండుసార్లు అడిగే మనిషయితే నేను తట్టుకునేదాన్నేమో. ఆయన నమ్మేశాడు.

గదిలో ప్రిన్సిపాల్ గారు, మేడం, పరీక్షల సారు, ఇంకో పెద్ద సారు ఉన్నారు. నాన్న వృత్తి విన్న తర్వాత ఆ పెద్ద సారు మీసాల్లో నవ్వుకున్నారు.

"అయితే చదువు ఇంట్లోనే మొదలైందన్నమాట" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా నాన్న పనికి, దీనికి సంబంధం లేదు సార్" అని అరిచినంత పని చేశాను. మేడం చేత్తో ఆగమని సైగ చేశారు. నాన్నకు మాత్రం కోపం రాలేదు. ఆయన ఆ మాటను ప్రశ్నగానే తీసుకున్నాడు.

"అవునండి, ఇంట్లోనే మొదలైంది" అన్నాడు. "తాళం తీసేటప్పుడు ఇంటివాళ్ళ చెయ్యి ముందు తాళం మీద పడాలండి. అది లేకుండా నేను ముట్టుకోను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా ఊరి పోలీసాయన ఇంటి తాళం కూడా నేనే తీశాను. ఒక్క గడప లోపలికి వెళ్ళలేదు. అది మా అమ్మాయికి చిన్నప్పుడే చెప్పాను. మీ తలుపు తీసుందని చూసింది, వచ్చి చెప్పింది. లోపలికి మాత్రం పోలేదండి."

"ఆ మాట మీరెలా చెప్పగలరు?" అన్నారు పరీక్షల సారు.

"నేను అడిగితే ఒక్కటే అని చెప్పింది కాబట్టి చెప్తున్నా."

"మీ అమ్మాయి మాట మీకు చాలు. మాకు చాలొద్దూ?"

నాన్న వంగి పనిముట్ల సంచీ ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల ఇనుము గలగలమంది. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో ఎవరూ ఊరికే ఒట్టు వెయ్యరు. పిల్లల మీద అసలే వెయ్యరు. మా తాత తన విల్లు మీద ఒక్కసారే ఒట్టు వేశాడని, ఆ మాటను ఊరంతా నమ్మిందని చెప్పుకునేవాళ్ళు.

నాన్న కుడిచెయ్యి సంచీ మీద ఆనించాడు. "ఇది నాకు అన్నం పెట్టేదండి. దీని మీద ఒట్టేసి..."

"నాన్నా, వద్దు" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. చెయ్యి ఇంకా సంచీ మీదే ఉంది.

"ఒట్టెయ్యొద్దు నాన్నా. ఒక్కటి కాదు."

గాలి తిరిగింది కాబోలు, కిటికీలోంచి మిర్చి ఘాటు వచ్చింది. పెద్ద సారు దగ్గారు. నాన్న సంచీ మీద నుంచి చెయ్యి తీశాడు, వేడి ఇనుము మీద నుంచి తీసినట్టు. పన్నెండేళ్ళ కిందట అడిగిన గొంతుతోనే అడిగాడు.

"ఎన్ని గదులు తిరిగావు?"

"అన్నీ" అన్నాను. "అరవై మూడు."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నిన్ను క్లాసులో నిలబెట్టి మెచ్చుకున్నాను" అన్నారు. అరిచి చెప్పలేదు. "ఆగడం నేర్చుకోండని నిన్ను చూపించాను."

"మార్కులు మార్చావా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లేదు సార్."

ఆ మాట నిజమే. కానీ గదిలో ఎవరి మొహం చూసినా నమ్మినట్టు కనపడలేదు. నాన్న మొహం కూడా. ఒక్కటే అన్న నోటితో ఇప్పుడు లేదు అంటున్నాను, ఎవరు నమ్ముతారు? వెబ్‌సైటు చేసిచ్చిన కంపెనీ ఆయనకు ఫోన్ చేశారు. ఏ కంప్యూటర్ నుంచి ఎవరు ఏం చూశారో, ఏం మార్చారో అంతా ఒకచోట నమోదై ఉంటుంది, దాన్ని చూసి చెప్పమన్నారు. ఆయన కొంచెం టైమివ్వమన్నాడు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

వరండాలో బల్ల మీద నాన్నా నేనూ కూర్చున్నాం. మధ్యలో సంచీ. నేను ఏ పేజీలోనూ ఒక్క అక్షరం ముట్టుకోలేదని నాకు తెలుసు. అయినా అనుమానాలు ఆగలేదు. పొరపాటున ఏ మీటో నొక్కానేమో, ఎక్కడో ఏదో మారిందేమో, ఇంకెవరైనా నా తర్వాత అదే దారిన వెళ్ళి అది నా నెత్తికి చుట్టుకుందేమో. చదువుకున్న చదువంతా ఆ బల్ల మీద నన్ను భయపెట్టడానికే పనికొచ్చింది. అప్పుడు నాన్న అన్నాడు.

"గేటు దగ్గర అడిగాను గదమ్మా నిన్ను."

నేను చున్నీ కొస వేలికి చుట్టుకున్నాను.

"నేను ఒట్టేసుంటే ఏమయ్యేది? రేపు ఆ సంచీ ఎట్టా ముట్టుకునేవాణ్ణి?"

ఏడుపు వచ్చేసింది. ఆయన తన తువ్వాలు ఇవ్వలేదు. చిన్నప్పుడు కిందపడి మోకాలు చీరుకుంటే ముందు తువ్వాలే ఇచ్చేవాడు. ఆ రోజు అది ఆయన భుజం మీదే ఉండిపోయింది. నా బతుకులో నాకు పడిన శిక్షల్లో అదే పెద్దది.

మళ్ళీ లోపలికి పిలిచారు. కంపెనీ ఆయన ఫోన్లో అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ కంప్యూటర్ నుంచి తన పేజీ కాక అరవై మూడు పేజీలు తెరిచారు, ఒక్కదాంట్లోనూ మార్పు లేదు, ఇంకెవరూ ఆ దారిన రాలేదు. అరవై మూడు అన్న మాట వినగానే మేడం నా వైపు చూశారు. ఆ అంకె కలవకపోతే నా రెండో మాటను కూడా ఎవరూ నమ్మేవారు కాదని ఆ చూపులోనే తెలిసింది. కేసు వద్దన్నారు. కానీ నడుస్తున్న సెమిస్టర్ పరీక్షలు నన్ను రాయనివ్వం అన్నారు. అంటే కింది క్లాసువాళ్ళతో కూర్చుని మళ్ళీ చదవాలి.

వెళ్ళొచ్చు అన్నాక నాన్న లేవలేదు. "సార్, ఒక్క మాటండి" అన్నాడు. "ఎవరెవరి ఇల్లు చూసిందో వాళ్ళందరి ముందూ నిలబడి, ఏం చూసిందో వాళ్ళకి చెప్పాలండి. విడివిడిగా, ఒకరిది ఇంకొకరు వినకుండా. మా పనిలో అంతే."

పెద్ద సారు ఈసారి నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు మేడం వైపు చూశారు, మేడం తలూపారు. కాలేజీ వేసిన శిక్ష కాగితం మీద ఉంది. మా నాన్న వేసింది అంతకంటే బరువైంది.

రూమ్మేట్ కాక మిగిలిన అరవై ఇద్దరి దగ్గరికి వెళ్ళడానికి నెలన్నర పట్టింది. ఒకడు "పోనీలేవే" అన్నాడు. ఒక అమ్మాయి "నా కోటా సంగతి కూడా చూశావా?" అని మొహం ఎర్రగా చేసుకుని వెళ్ళిపోయింది, ఇప్పటికీ మాట్లాడదు. ఒకడు మార్కులు ఎన్నొచ్చాయో మళ్ళీ చెప్పమని ఏడిపించాడు. ప్రతి ఒక్కరి ముందూ మొదటి వాక్యం మొదలుపెట్టడమే కష్టమయ్యేది. పదిమంది అయ్యాక తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

నా రూమ్మేట్‌ను చివరికి మిగుల్చుకున్నాను. పై అంతస్తులో ఆమె గది. ఆదివారం మధ్యాహ్నం, అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ పెట్టలేదు. తొయ్యలేదు నేను. బయటే నిలబడి పేరు పెట్టి పిలిచాను. ఆమె వచ్చి తలుపు సగం తీసి, రెక్క పట్టుకుని నిలబడింది.

"చెప్పు" అంది.

"నీ మార్కులు చూశాను. పోయిన రెండూ చూశాను. ఫోన్ నంబరు చూశాను." ఆగాను.

"ఇంకా?"

అంతే అనేయొచ్చు. ఎవరికి తెలుస్తుంది? కంపెనీ ఆయన దగ్గర ఉండేది ఏ పేజీ తెరిచారన్నదే, ఆ పేజీలో నా కళ్ళు ఎక్కడ ఆగాయో ఏ కంప్యూటరూ రాసిపెట్టుకోదు. కమిటీకి నేను ఆ మాట చెప్పలేదు. మా నాన్నకూ చెప్పలేదు. చెప్పడానికి అది నాది కాదు. కానీ ఆమెకు చెప్పకపోతే, ఆమె ఇంట్లో నేను ఇంకా తిరుగుతున్నట్టే లెక్క.

"మీ నాన్న పేరు ముందున్న రెండక్షరాలు చూశాను" అన్నాను. "లేట్ అని."

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. ఏడాదిన్నర పాటు ఒకే గదిలో, ప్రతి లారీ హారనుకీ చెవి రిక్కించిన అమ్మాయి. కాగితం రాసిచ్చింది పోయిన రెండు సబ్జెక్టుల కోసం కాదని నాకు ఎప్పుడో తెలుసు. నేను ఆ పేజీ చూశానంటే ఇది కూడా చూసి ఉంటానని ఆమె ఆ రోజే గ్రహించి ఉంటుంది.

"మా నాన్న లారీ తోల్తాడు" అంది ఒక్కో మాటా విడదీసి. "అర్థమైందా?"

"అర్థమైంది."

తలుపు వేసుకుంది. లోపల గొళ్ళెం పడిన శబ్దం వినపడింది.

ఆ తర్వాత ఆమె నాకంటే ముందే డిగ్రీ పూర్తిచేసింది. మెస్సులో ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళం, అంతకుమించి లేదు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి నా ఎదురుగానే ఆమెను, "మీ నాన్నగారేం చేస్తారక్కా?" అని అడిగింది. ఆమె కళ్ళు ఒక్క క్షణం నా మీదికి వచ్చాయి. నేను లేచి కిటికీ పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, చెయ్యి కడుక్కుంటూ, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక ఆమె ఏం చెప్పిందో వినలేదు.

నేనిప్పుడు ఆఖరి సెమిస్టర్లో ఉన్నాను. నాన్న ఆరు నెలల పాటు నన్ను సంచీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత సెలవులకు వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గరే నా చేతికిచ్చి, "పద, ఒక తాళం ఉంది" అన్నాడు. నేను ఆ సంచీని తాళం ఉన్న ఇంటిదాకా రెండు చేతులతో మోసుకెళ్ళాను.

ఇదంతా రాయాలనుకున్నప్పుడు ముందు రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు మంగళగిరిలో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. దాదాపు ఏడాది తర్వాత వినడం ఆమె గొంతు. మా నాన్న సంగతి, ఒట్టు సంగతి, ఆమె తలుపు సంగతి, అన్నీ రాస్తానని చెప్పాను. వద్దంటే ఒక్క అక్షరం రాయనని కూడా చెప్పాను. అటునుంచి బస్సు హారన్లు వినపడ్డాయి.

"పేరు రాయమాకు" అంది చివరికి.

"ఎవరిదీ రాయను."

"సరే. తాళం మీద చెయ్యి పెట్టానులే, తియ్యి" అంది. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు. "మా నాన్న గురించి రాసేకాడ సరిగ్గా రాయి" అంది. "లారీ తోలేవాడు అని రాయి."

తోల్తాడు అనలేదు. తోలేవాడు అంది. నేను అలాగే రాశాను.